కడబంతికీ వేడిగానే

టెక్సస్ రాష్ట్రం, ఫ్రిస్కోలో ఒక తెలుగువారిల్లు. అమ్మాయి హైస్కూల్ చదువు ముగించింది. జూన్ మొదటి శనివారం సాయంత్రం పెరట్లో విందు. వచ్చేది సుమారు 100 మంది: అమ్మాయి స్నేహితులు, ఇరుగుపొరుగు అమెరికన్లు, తెలిసిన తెలుగు కుటుంబాలు, ఇండియా నుంచి వచ్చి ఉన్న పెద్దవాళ్లు. హాట్ డాగ్‌లే పెట్టాలని అమ్మాయి పట్టుబట్టింది. వాటిని ఎలా వండాలి, ఎలా వడ్డించాలి అన్న దగ్గర ఇంటావిడకీ, షికాగో నుంచి వచ్చిన ఆమె తమ్ముడికీ పొద్దున్నే పేచీ మొదలైంది.

తమ్ముడు: అక్కా, ఆ రోస్టర్ అవెన్ ఎందుకు బయటికి తీశావు? హాట్ డాగ్‌లు నీళ్లలో ఉడకబెడతావా ఏంటి? బావగారి గ్రిల్ ఉంది, రెండు బస్తాల బొగ్గులు నేను తెచ్చాను. పెరట్లో విందు పెట్టుకుని నిప్పు రాజేయకపోతే ఎలా?

అక్క: ఉడకబెట్టనురా, వేడి చేస్తాను. హాట్ డాగ్ ఫ్యాక్టరీలోనే పూర్తిగా ఉడికి, పొగ పట్టి వస్తుంది. మనం కొత్తగా వండేదేమీ లేదు. లోపలిదాకా వేడెక్కించాలి, ఆ వేడి చల్లారకముందే అందరి పళ్లేల్లోకీ చేరాలి. నలుగురికైతే నిప్పు బాగుంటుంది. వందమందికి మాత్రం నీళ్లే నమ్మకం.

తమ్ముడు: వేడి చేయడమే పనైతే మైక్రోవేవ్ చాలదా? రుచి సంగతి ఏంటి? నీళ్లు ఎంత కాగినా 212 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటవు. పైభాగం ఎర్రబడి కాలిన రుచి రావాలంటే అంతకంటే చాలా ఎక్కువ వేడి తగలాలి. నిప్పు మీద పెడితే పైన బిగుసుకుంటుంది, అక్కడక్కడ కములుతుంది. కారిన కొవ్వు బొగ్గుల మీద పడి, ఆ పొగ మళ్లీ దానికే పడుతుంది. కొరికితే పంటి కింద టప్పుమనాలి. నీళ్లలోంచి తీసింది మెత్తగా, పాలిపోయి ఉంటుంది.

అక్క: టప్పుమనేది పైపొరని బట్టి ఉంటుంది. గొర్రె పేగు తొడుగు ఉన్నదైతే నీళ్లలో వేడి చేసినా టప్పుమంటుంది. మామూలుగా దొరికే ప్యాకెట్లలో చాలావాటికి ఆ తొడుగే ఉండదు. సెల్యులోజ్ గొట్టంలో ఉడికించి, తర్వాత ఆ గొట్టం ఒలిచేసి ప్యాక్ చేస్తారు.

తమ్ముడు: నేను చెప్పేదీ అదేగా! తొడుగు లేనిదానికి పైన ఒక పొర కట్టించగలిగేది నిప్పు ఒక్కటే.

అక్క: సరే, ఆ మాట ఒప్పుకున్నాను. కానీ నువ్వుండే ఊరి సంగతి చూడు. షికాగోలో వియన్నా బీఫ్ అనే హాట్ డాగ్ కంపెనీ పేరు 1893 నాటి ప్రపంచ ప్రదర్శన నుంచి వస్తోంది. అక్కడ సంప్రదాయమైన హాట్ డాగ్ అంటే వేడినీళ్లలోనో ఆవిరి మీదో వేడి చేసిందే. గసగసాలు చల్లిన బన్‌లో పెట్టి, పైన పసుపుపచ్చ మస్టర్డ్, ఉల్లిముక్కలు, ఆకుపచ్చ రెలిష్, టమాటా ముక్కలు, ఊరగాయ దోసకాయ బద్ద, ఊరవేసిన మిరపకాయలు, చివర సెలరీ ఉప్పు. న్యూయార్క్ వీధి బళ్ల మీదా అంతే, వేడినీళ్ల తొట్టిలోంచి తీసి ఇస్తారు. జనానికి పెట్టి పెట్టి చేయి తిరిగినవాళ్లు నీళ్లని ఎంచుకున్నారంటే కారణం లేకుండా ఉంటుందా?

తమ్ముడు: షికాగోలోనే రెండు కొసలూ గాటుపెట్టి నిప్పు మీద కాల్చే కొట్లు కూడా ఉన్నాయి. అక్కడా జనం నిలబడతారు. న్యూయార్క్ కోనీ ఐలండ్‌లో నేథన్ హ్యాండ్‌వర్కర్ 1916లో కొట్టు పెట్టి, పక్కన ఫెల్ట్‌మన్ కొట్లో 10 సెంట్లకి దొరికేదాన్ని 5 సెంట్లకే అమ్మాడు. అక్కడ వేడి పెనం మీద దొర్లించి ఎర్రగా కాలుస్తారు. అంతటి జనానికి నీళ్లు లేకుండానే పెట్టారుగా!

అక్క: వాళ్లకి బల్లంత పెనం ఉంది, దాని వెనక జీతానికి నిలబడే మనుషులున్నారు. మనకున్నది 22 అంగుళాల గుండ్రటి గ్రిల్, నువ్వొక్కడివి. లెక్క వేద్దాం రా. పెద్దవాళ్లు 60 మంది, తలకి ఒకటిన్నర చొప్పున 90. పిల్లలు 40 మంది, తలకొకటి. మొత్తం 130. అందులో 100 చికెన్‌వి, 30 శాకాహారానివి. ఆ గ్రిల్ మీద ఒకేసారి ఎన్ని పెడతావు?

తమ్ముడు: కిక్కిరిసి పెడితే 30 పడతాయి. కానీ బొగ్గులన్నీ ఒక పక్కకే తోసి, రెండో పక్క ఖాళీగా ఉంచాలి. మంట లేచినప్పుడు అటు జరుపుకోడానికి చోటుండాలిగా. కాబట్టి 20.

అక్క: 100కి ఐదు వాయిలు. వాయికి ఎనిమిది నిమిషాలు, మధ్యలో తీయడం, పెట్టడం. ముప్పావుగంట పడుతుంది. మొదటి వాయి తిన్నవాళ్లు చేతులు కడుక్కునే వేళకి కూడా చివరి వాయి వాళ్లు పళ్లెం పట్టుకుని నీ మొహం చూస్తూ ఉంటారు.

తమ్ముడు: చూడనీ అక్కా! గ్రిల్ చుట్టూ నిలబడటంలోనే విందు ఉంది. మన ఊరి నుంచి వచ్చిన పెద్దాయననీ, పక్కింటి అమెరికన్ ఆయననీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెడితే మాట కలవదు. నిప్పు దగ్గర నిలబెట్టు, ఒకాయన బొగ్గులు కదుపుతాడు, ఇంకొకాయన పొగ ఎటు పోతోందో చూసి మూత తీయమంటాడు. చేతికి పని దొరికితే భాష అడ్డం రాదు. నువ్వు మూతపెట్టిన పాత్రలోంచి తీసి ఇస్తే తీసుకుని ఎవరి మూలకి వాళ్లు వెళ్లిపోతారు.

అక్క: నిలబడగలిగినవాళ్ల గురించి చెబుతున్నావు నువ్వు. మా అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. చంకలో పిల్లాడున్న తల్లి పొగలో ఎలా నిలబడుతుంది? ఆకలేసిన నాలుగేళ్ల పిల్లకి ముప్పావుగంట అంటే ఎంత? పైగా బయట 95 డిగ్రీల ఎండ. మనవాళ్లలో ఒక సామెత ఉంది, వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదని. మనవాడు కాకపోతే కడబంతికి ఏమీ మిగలదనేగా దానర్థం? నా పెరట్లో ఆ సామెత అవసరం ఎవరికీ రాకూడదు. నన్ను ఎరగని పిల్ల, మా అమ్మాయి స్నేహితురాలి చెల్లెలు, చివర్లో వచ్చి నిలబడినా మొదటివాడికి దొరికినంత వేడిగా దొరకాలి.

తమ్ముడు: దొరకాలి, కాదనను. కానీ నీ నీళ్లలో దొరికేది ఏంటి? ఉప్పూ, మసాలా, కొవ్వూ కొంచెం కొంచెంగా నీళ్లలోకి దిగిపోతాయి. అరగంట దాటితే ఉబ్బి, పైన ముడతలు పడి, రుచి చప్పబడుతుంది. నీ కడబంతికి వేడి ఉంటుంది, రుచి ఉండదు. అది సమానంగా పెట్టడం ఎలా అవుతుంది?

అక్క: అన్నిటినీ ఒకేసారి ముంచి గంటసేపు వదిలేస్తే నువ్వన్నట్టే అవుతుంది. అలా చేయను. నీళ్లు కుతకుతలాడనివ్వను. కుతకుతలాడితే హాట్ డాగ్ ఉబ్బి పక్కన చీలిపోతుంది. అంచుల్లో చిన్న బుడగలు కనపడుతూ ఉండాలి, అంతే. అందులో 35 వేసి, పది నిమిషాలకి తీసి, గుడ్డ మీద తడి ఆర్చి, ట్రేలో పరిచి ఫాయిల్ కప్పి వంటింటి అవెన్‌లో 200 డిగ్రీల మీద ఉంచుతాను. అవే నీళ్లలో రెండో విడత వేస్తాను. మొదటి విడత ఉప్పు ఆ నీళ్లలోనే ఉంటుంది కాబట్టి రెండో విడత అంతగా పోగొట్టుకోదు. ఏదీ నీళ్లలో నానదు.

తమ్ముడు: నువ్వింత ఆలోచించావని అనుకోలేదు. కానీ అంత జాగ్రత్త దేనికి? ముందే ఉడికినవే కదా, కాస్త గోరువెచ్చగా ఉన్నా నష్టం ఏంటి?

అక్క: నష్టం ఉంది. ఫ్యాక్టరీలో ఉడికిన తర్వాత, ప్యాక్ చేసేలోపు లిస్టీరియా అనే సూక్ష్మజీవి చేరే ప్రమాదం ఉంటుంది. అది ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరుగుతుంది. గర్భిణులకీ పెద్దవయసు వాళ్లకీ అది ప్రాణాంతకం కావచ్చు. అందుకే అలాంటివాళ్లు హాట్ డాగ్‌ని 165 డిగ్రీలకి, అంటే ఆవిరి లేచేదాకా వేడి చేయకుండా తినొద్దని ఇక్కడి వ్యవసాయ శాఖ చెబుతుంది. ఇవాళ వచ్చేవాళ్లలో ఏడో నెల అమ్మాయి ఉంది, డెబ్భై దాటినవాళ్లున్నారు. వేడి చేశాక 140కి తగ్గకుండా ఉంచాలి. బయట పెట్టి వదిలేస్తే రెండు గంటలే గడువు, 90 డిగ్రీలు దాటిన ఎండలో అయితే గంటే. నీ గ్రిల్ మీద పైన నల్లబడి లోపల చల్లగా ఉన్నది ఏదో, పూర్తిగా వేడెక్కింది ఏదో చూపుకి తెలుస్తుందా?

తమ్ముడు: చూపుకి తెలియదు. గుచ్చి చూసే థర్మామీటర్ ఉంది నా దగ్గర. అయినా 100 ముక్కలకి గుచ్చలేననుకో. సరే, నీ మాటలోంచే నా మాట తీస్తాను, విను. లోపలి వేడి నీ పాత్ర ఇస్తుంది. అప్పుడు నిప్పుకి మిగిలేది పైపొర పని ఒక్కటే. అవెన్‌లోంచి వేడివేడిగా వచ్చినదాన్ని బొగ్గుల మీద పెడితే రెండు నిమిషాలు చాలు. 20 చొప్పున ఐదు వాయిలు, వాయికి రెండు నిమిషాలు. పావుగంటలో వందా అయిపోతాయి. మాడదు, చీలదు, లోపల చల్లగా ఉండదు. ముప్పావుగంట లెక్క పోయింది కదా?

అక్క: పోయింది, నిజమే. కానీ అందరికీ అలా చేయాలన్న పట్టు ఎందుకు? పిల్లలు కాలిన నలుపుని గీకి పారేస్తారు, వాళ్లకి మెత్తగానే కావాలి. పైగా నాలుగేళ్ల లోపు వాళ్లకి గుండ్రటి ముక్క అసలు ఇవ్వకూడదు. గొంతుకి సరిగ్గా బిరడాలా పడుతుంది. 2010లో ఇక్కడి పిల్లల వైద్యుల సంఘం ఆ ప్రమాదం గురించి గట్టిగా హెచ్చరించింది. ముందు నిలువుగా నాలుగు బద్దలు చీల్చి, తర్వాత చిన్నగా తరగాలి. చాలామంది తల్లులు చక్రాలుగా కోసి, చిన్న ముక్కలే కదా అనుకుంటారు. ఆ చక్రమే ప్రమాదం. అందుకని పిల్లల ట్రే నీళ్లలోంచి నేరుగా కోతపలక మీదికి వస్తుంది, నీ గ్రిల్ దాకా రాదు.

తమ్ముడు: దానికి నేను అడ్డు చెప్పను. మరి చికెన్ ఒక్కటే ఎందుకు? మీ పక్కింటివాళ్లకి బీఫ్‌ది అలవాటు. వాళ్ల పండగల్లో, బేస్‌బాల్ ఆటల్లో తినేది అదే. అతిథికి ఇష్టమైనది పెట్టడం కూడా మర్యాదే కదా.

అక్క: మర్యాదే. కానీ ఈ వంటింట్లోకి రానివి కొన్ని ఉన్నాయి, పిలిచినప్పుడే చెప్పాను, వాళ్లు హాయిగా సరేనన్నారు. దాచిపెట్టి పెడితే తప్పు, చెప్పి పెడితే తప్పు లేదు. హలాల్ చికెన్‌వి కొన్నాను. అవైతే మనవాళ్లూ, అమ్మాయి క్లాసులో ఉన్న ముస్లిం పిల్లలూ, పక్కింటివాళ్లూ అందరూ ఒకే ట్రేలోంచి తింటారు. చికెన్ అని పెద్ద అక్షరాలతో ఉన్నవాటిలో కూడా కొన్నిటికి పంది పేగు తొడుగు ఉంటుంది. వెనక చిన్న అక్షరాలు చదవాలి. కోషర్ అని ఉంటే పంది ఉండదు గానీ, బీఫ్ ఉండొచ్చు. ముగ్గురికి మూడు రకాలు తెచ్చి, ఏది ఏదో కలిసిపోయి, ఎవరో తినకూడనిది తినేకంటే, అందరూ తినగలిగేది ఒక్కటి తేవడం మేలు.

తమ్ముడు: మరి శాకాహారానివి? వాటికీ నీ నీళ్లేనా?

అక్క: ఆ 30 నీళ్లలో వేస్తే మెత్తబడి విరిగిపోతాయి. సోయా, గోధుమ జిగురు కలిపి చేసినవి, వాటిలో కొవ్వు తక్కువ. కొన్నిటిలో గుడ్డు తెల్లసొన కూడా కలుపుతారు, అందుకని అది లేనివి ఏరి తెచ్చాను. మాంసం తగిలిన గ్రిల్ మీద పెట్టినవి మా అత్తయ్యగారు ముట్టుకోరు. అందుకని లోపల, నా దోశ పెనం మీద నూనె రాసి, సన్నటి సెగన అటూ ఇటూ దొర్లించి ఎర్రగా కాలుస్తాను. వేరే పట్టకారు, వేరే ట్రే, వేరే బల్ల. దాని మీద పెద్ద అక్షరాలతో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసిన అట్ట పెడతాను.

తమ్ముడు: చూశావా, పెనం మీద ఎర్రగా కాల్చాలని నువ్వే అంటున్నావు! రుచికి నిప్పు కావాలని నీ చేతికి తెలుసు.

అక్క: తెలుసురా. రుచి గురించి నీతో నాకు తగవే లేదు. తగవు వడ్డన గురించి. నువ్వు ఇప్పటిదాకా బన్ మాటే ఎత్తలేదు చూడు. హాట్ డాగ్ ఎంత బాగా కాల్చినా చల్లటి, ఎండిపోయిన బన్‌లో పెడితే అంతా పోయినట్టే. ఈ గాలికి ప్యాకెట్ విప్పిన కాసేపటికే అంచులు బిరుసెక్కుతాయి. ఎనిమిదేసి ఉండే ప్యాకెట్లు 17 తెచ్చాను, 136 వస్తాయి. ఒక్కో ప్యాకెట్‌లోవి ఒక ఫాయిల్‌లో చుట్టి, అవెన్‌లో పది నిమిషాలు వెచ్చబెట్టి, తువ్వాలు పరిచిన కూలర్‌లో మూతపెట్టి ఉంచుతాను. చల్లగా ఉంచే ఆ పెట్టే వేడిని కూడా పట్టి ఉంచుతుంది. ఒక పొట్లం అయ్యాకే ఇంకోటి విప్పాలి.

తమ్ముడు: పైన వేసుకునేవి?

అక్క: బన్‌లో ముందుగా మస్టర్డ్ పూస్తే అడుగు నానిపోతుంది. అందుకని హాట్ డాగ్ పెట్టాకే దాని మీద గీత గీయాలి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర సన్నగా తరిగి పెడతాను. నిమ్మరసం వడ్డించే ముందే పిండాలి, లేకపోతే నీరు కారుతుంది. రెలిష్, ఊరగాయ దోసకాయ ముక్కలు, పులియబెట్టిన క్యాబేజీ ఉంటాయి. కెచప్ కూడా ఉంటుంది. మీ షికాగోలో పెద్దవాళ్లు హాట్ డాగ్ మీద దాన్ని ఒప్పుకోరని తెలుసు, కానీ పిల్లలు అది లేకుండా తినరు. ఇవన్నీ బన్‌లు ఇచ్చే బల్ల మీద పెట్టకూడదు. పదడుగుల దూరంలో, రెండు వైపులా నిలబడేలా వేరే బల్ల వేయాలి. ఒకరు మస్టర్డ్ సీసా పట్టుకుని ఆలోచిస్తుంటే వెనక ఇరవైమంది ఆగిపోకూడదు.

తమ్ముడు: పంక్తి భోజనాల్లో వడ్డించే మనిషిలా ఆలోచిస్తున్నావు. కానీ అక్కా, ఇది ఆ తిండి కాదు. కూర్చోబెట్టి విస్తరి వేసి పెట్టేది కాదు. ఎవరికి కావలసినట్టు వాళ్లు చేసుకుని నిలబడి తినేది. 1939 జూన్ 11న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ న్యూయార్క్ రాష్ట్రం హైడ్ పార్క్‌లో ఇంగ్లండ్ రాజుకీ రాణికీ హాట్ డాగ్ పెట్టించాడు. పత్రికలు మొదటి పేజీలో రాశాయి. ఎందుకు? ఆ తిండికి పెద్దా చిన్నా లేదు, మర్యాదల తంతు లేదు. నువ్వు ట్రేలూ, వరసలూ పెట్టి దాని స్వేచ్ఛ తీసేస్తున్నావు.

అక్క: పెద్దా చిన్నా లేదన్న మాట నిలబడాలంటే వెనక ఎవరో ఒకరు లెక్క చూసుకోవాలిరా. లేకపోతే బలమున్నవాడు ముందుకు తోసుకుని రెండు తీసుకుంటాడు, మొహమాటపడేవాడు నాకు ఆకలి లేదంటాడు. రాజుగారికి ఎవరైనా పెడతారు. మొహమాటపడేవాడి చేతికి అందించేదే వడ్డన. పెద్దవాళ్ల కుర్చీల దగ్గరికి ఇద్దరు పిల్లలు ట్రేలతో వెళతారు. చిన్నపిల్లల పళ్లేలు ముందే వెళ్లిపోతాయి. మిగిలినవాళ్లు నీకు కావలసినంత స్వేచ్ఛగా నీ గ్రిల్ దగ్గరికి రావచ్చు.

తమ్ముడు: అయితే నేనొకటి అడుగుతాను, కాదనకు. ఏ విందులో చూసినా ముందొచ్చినవాడికి పొయ్యి మీదది, ఆఖర్న వచ్చినవాడికి ట్రే అడుగుది. షిఫ్టు ముగించుకుని ఎనిమిదింటికి వచ్చేవాళ్లుంటారు. సాయంత్రమంతా నీకు ట్రేలు మోసి, తినకుండా ఉండిపోయే పిల్లలుంటారు. వాళ్లకి అవెన్‌లో రెండు గంటలు మగ్గినది పెడతావా? 100లో 30 ఫ్రిజ్‌లోనే ఉంచు, బయటికి తీయకు. మొదటి రద్దీకి నీ నీళ్లూ, అవెనూ. కావాలన్నవాళ్లకి రెండు నిమిషాలు నిప్పు తగిలిస్తాను. ఆ 30 మాత్రం ఆఖర్న, తీరిగ్గా, ఒక్కోటి కంటితో చూసుకుంటూ కాల్చి నా చేత్తో పెడతాను. కడబంతి గురించి అంత పట్టింపు ఉన్నదానివి, అసలైన నిప్పు కడబంతికే ఇవ్వు.

అక్క: ఇది నాకు తోచలేదు. కడబంతికి తక్కువ కాకూడదనే చూశాను గానీ, ఎక్కువ పెట్టొచ్చని అనుకోలేదు. 30 అంటే రెండు వాయిలే, ఎవరూ ఎక్కువసేపు నిలబడక్కర్లేదు. అప్పటికి ఎండా తగ్గుతుంది. నువ్వు చెప్పిన ఆ నిప్పు దగ్గరి మాటలు కూడా అప్పుడే బాగా సాగుతాయి.

తమ్ముడు: బన్‌లు?

అక్క: వాటికి నాలుగు పొట్లాలు విప్పకుండా విడిగా ఉంచుతాను. బొగ్గులు తెల్లబడటానికి ఇరవై నిమిషాలు పడుతుందిగా, ఏడున్నరకి రెండో విడత చిమ్నీ డబ్బాలో వేసి అంటించు. థర్మామీటర్ దగ్గరుంచుకో. వడ్డించిన పిల్లల్ని ముందు పిలువు, ఆ తర్వాతే మనిద్దరం.